ఇంటర్నల్ మార్కులను తూచేది ఎవరు?

సంపాదకులకు,

తెలంగాణ పదో తరగతిలో బడి ఉపాధ్యాయులే వేసే 20 ఇంటర్నల్ మార్కులను ఎత్తివేసి వంద మార్కులకూ రాత పరీక్షే పెడతామని ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించి, విద్యా సంవత్సరం మధ్యలో మార్పు తగదన్న అభ్యంతరాలు రావడంతో వాయిదా వేసింది. ఉంచాలనేవారూ తీసేయాలనేవారూ ఇప్పటికీ గట్టిగానే వాదిస్తున్నారు గానీ, ఆ మార్కులు దేన్ని కొలుస్తున్నాయి, ఎంత నికరంగా కొలుస్తున్నాయి అన్న ప్రశ్న జోలికి పోవడం లేదు. బీఎడ్ మూల్యాంకన పాఠాల్లో సప్రమాణత (కొలవవలసినదాన్నే కొలవడం), విశ్వసనీయత (ఎవరు కొలిచినా ఒకేలా రావడం) అని ఉపాధ్యాయులందరం చదువుకున్నది దీన్ని గురించే.

ముందుగా విశ్వసనీయత. కోవిడ్ వల్ల 2021లో పదో తరగతి పరీక్షలు రద్దయి, ఇంటర్నల్ మార్కులకు ఆధారమైన ఎఫ్ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం)లలో మొదటిదైన ఎఫ్ఏ-1లో బడులు వేసిన మార్కుల ఆధారంగానే గ్రేడ్లు ఇచ్చినప్పుడు, 5.21 లక్షల మందిలో 2,10,647 మందికి 10 జీపీఏ, అంటే అత్యున్నత గ్రేడు సగటు, వచ్చింది. రాత పరీక్షలు యథావిధిగా జరిగిన 2024లో 10 జీపీఏ సాధించినవారు 8,883 మంది. మహమ్మారి ఏడాది మామూలు ఏడాది కాదు, పిల్లల కష్టం చూసి కొందరు ఉదారంగా మార్కులు వేసి ఉండవచ్చు. అయినా ఇంతటి అంతరానికి ఉదారత ఒక్కటే కారణమంటే నమ్మలేం. ఆ ఏడాది బాసర ట్రిపుల్ ఐటీ ప్రవేశాలకు జీపీఏని పక్కన పెట్టి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష అయిన పాలిసెట్ ర్యాంకులు తీసుకోవలసి వచ్చిందంటే, ఆ గ్రేడ్లతో పిల్లల మధ్య తేడా తెలియదని ప్రభుత్వ వ్యవస్థే ఒప్పుకున్నట్టు.

అలాగని వంద మార్కుల రాత పరీక్షే పరిష్కారమనుకోవడం పొరపాటు. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆ దారే పట్టింది. దానివల్ల దిద్దడంలో సమానత్వం పెరుగుతుంది, నిజమే. కానీ పరీక్ష కొలిచేది కుంచించుకుపోతుంది. ఓమ్ నియమాన్ని పటంతో సహా తప్పు లేకుండా రాసిన పిల్లవాడు బల్ల మీద వలయం కలపలేకపోవడం, వోల్ట్‌మీటరును ఎవరూ చెప్పకుండానే సమాంతరంగా కలిపిన అమ్మాయి అదే జవాబు రాయడంలో వెనకబడటం సైన్సు ఉపాధ్యాయులకు కొత్త కాదు. పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష అని ఎఫ్ఏను నాలుగు భాగాలు చేసింది ఇలాంటి సామర్థ్యాలు లెక్కలోకి రావాలనే. వాటిని వదులుకుంటే, గైడ్లు బట్టీపట్టి రాయగలిగినదే చదువుగా మిగులుతుంది.

లోపం ఎఫ్ఏ రూపంలో కన్నా దాని చుట్టూ ఉన్న ఏర్పాటులో ఎక్కువగా ఉంది. ఫలితం బాగుంటే ఎవరికి పేరు వస్తుందో వారి చేతే మార్కులు వేయిస్తున్నాం. ఆపైన పరిశీలన బృందాలు వచ్చి చూసేది రికార్డులనే. ఆ ప్రాజెక్టు చేసిన విద్యార్థిని పిలిచి, దీన్ని ఎలా చేశావమ్మా అని అడిగే వ్యవధి వాటికి ఉండదు. నిజాయితీగా 14 వేసిన ఉపాధ్యాయుడి పిల్లలు, పక్క బడిలో అందరికీ 20 పడటం వల్ల నష్టపోతారు. అందరికన్నా నన్ను బాధపెట్టేది ఆ పిల్లల పరిస్థితే.

ప్రతి బడిలోనూ ఇంటర్నల్ సగటుకూ రాత పరీక్ష సగటుకూ మధ్య ఎంత అంతరం ఉందో పరీక్షల విభాగం లెక్కగట్టడం కష్టం కాదు. సీబీఎస్ఈ 2024లో థియరీ, ప్రాక్టికల్ మార్కుల మధ్య పెద్ద తేడాలున్న సుమారు 500 పాఠశాలలను గుర్తించి, మూల్యాంకనాన్ని సరిదిద్దుకోమని సూచించింది. అంతరం ఎక్కువగా ఉన్నచోటికి వేరే మండలం ఉపాధ్యాయులను పంపి, లాటరీ పద్ధతిలో ఎంపికైన కొద్దిమంది పిల్లల చేత ఒక ప్రయోగం చేయించి, వారి ప్రాజెక్టు గురించి నాలుగు ప్రశ్నలు అడిగించాలి. అయితే పదో తరగతిలో పదిమందే ఉన్న ఊరి బడిలో ఒకరిద్దరు పిల్లల వల్లనే సగటు తారుమారవుతుంది కనుక, ఒక్క ఏడాది అంతరాన్ని చూసి ఎవరికీ నోటీసులు ఇవ్వకూడదు. కనీసం మూడేళ్ల లెక్క చూడాలి. తేలిన తేడాను బడి స్థాయిలో సవరించాలే తప్ప ఏ ఒక్క విద్యార్థినీ దోషిని చేయరాదు.

ఇంటర్నల్ మార్కులపై తుది నిర్ణయం తీసుకునే ముందు, విద్యార్థుల పేర్లు లేకుండా, గత కొన్నేళ్ల ఇంటర్నల్, రాత మార్కుల వివరాలను పాఠశాలల వారీగా ప్రజల ముందు పెట్టాలని విద్యాశాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, కరీంనగర్