టెక్సాస్ కూజా వాయిద్యం

బావా,

ఎలా ఉన్నావు? మొన్న ఫోన్‌లో సైకెడెలిక్ రాక్, అదే, మత్తులో తేలిపోతున్నట్టుండే ఆ రాక్ సంగీతం, అంతా శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళ సొత్తే అన్నట్టు మాట్లాడావు చూడు, అప్పట్నుంచీ నాకు ఒకటే దురద. నోటితో చెబితే మధ్యలో అడ్డం పడతావు, అందుకే ఉత్తరం. కాఫీ కలుపుకుని కూర్చో.

టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో 1965 చివర్లో ఒక బ్యాండ్ మొదలైంది, పేరు థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్. పాడేవాడు రాకీ ఎరిక్సన్, గిటార్ మీద స్టేసీ సదర్లాండ్. టామీ హాల్ అని ఇంకొకడు ఉన్నాడు, వాడు వాయించేదేమిటో తెలుసా? కూజా! పాతకాలం జగ్ బ్యాండ్ల వాళ్ళు దాని అంచు మీద ఊది బేస్ పలికించేవారు. ఈయన అలా ఊదడు. కూజా మూతి దగ్గరే మైకు పెట్టుకుని, లోపలికి నోటితో గబగబా ఏవేవో శబ్దాలు చేస్తాడు. పావురాలకి వెక్కిళ్ళు పట్టినట్టుంటుంది. మొదటిసారి విని స్పీకర్ పాడైందనుకున్నా. ఇప్పుడు ఆ చప్పుడు లేకపోతే పాట బోసిగా అనిపిస్తుంది.

'యూ ఆర్ గొన్నా మిస్ మీ' రాకీ తన పాత బ్యాండ్‌లో ఉండగా రాసుకున్నది. అప్పటికి పద్దెనిమిదేళ్ళ కుర్రాడు! ఆ పాటలో వాడు పెట్టే కేకలున్నాయే, ఒళ్ళు జలదరిస్తుంది. 1966లో అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్‌లో 55వ స్థానం దాకా వెళ్ళింది. అంతకంటే పెద్ద హిట్ వాళ్ళకి మళ్ళీ రాలేదు. అదే ఏడాది మీ శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి, అక్కడి పెద్ద పెద్ద హాళ్ళలో వాయించొచ్చారు కూడా. తొలి ఆల్బమ్ పేరులోనే 'సైకెడెలిక్' ఉంది. ఆ మాట పెట్టుకున్న మొదటి ఆల్బమ్‌లలో అదొకటి, గుర్తుంచుకో.

టామీకి ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందంటే వేదాంతమే. స్టేజి ఎక్కాలన్నా అది ఉండాల్సిందే అనేవాడు. డ్రమ్మర్ జాన్ ఐక్ వాల్టన్‌కి ఇది గిట్టలేదు. 1967లో అతనూ, బేస్ వాయించే రానీ లెదర్‌మన్ కూడా తప్పుకున్నారు. నన్నడిగితే బ్యాండ్ సగం అక్కడే అయిపోయింది.

మిగతా సగం పోలీసులు చూసుకున్నారు. 1969లో ఒక్కటంటే ఒక్క గంజాయి సిగరెట్‌తో రాకీ దొరికాడు. అప్పటి టెక్సాస్ చట్టం ప్రకారం దానికి ఏళ్ళ తరబడి జైలు పడొచ్చు. తప్పించుకోవడానికి మతి స్థిమితం లేదని వాదించారు. దాంతో పిచ్చాసుపత్రి, కరెంటు షాకులు. ఆస్టిన్ ఆసుపత్రి నుంచి పారిపోతున్నాడని రస్క్‌లో నేరస్తుల్ని ఉంచే ఆసుపత్రికి పంపేశారు. 1972లో బయటికొచ్చాడు. జైలుకే వెళ్ళి ఉంటే నయమేమో అనిపిస్తుంది నాకు. తర్వాత చాలా ఏళ్ళు అవస్థపడ్డా, మళ్ళీ కోలుకుని స్టేజి ఎక్కాడు. 2015లో పాతవాళ్ళంతా ఆస్టిన్‌లో కలిసి వాయించారు, స్టేసీ తప్ప. అతను 1978లోనే పోయాడు. రాకీ 2019లో పోయాడు.

నువ్వు 1967 నాటి 'ఈస్టర్ ఎవ్రీవేర్' ఆల్బమ్‌తో మొదలుపెట్టు. మొదటి పాటే ఎనిమిది నిమిషాలు, మధ్యలో ఫోన్ చూశావో చంపేస్తా. ఆఖరిది 'బుల్ ఆఫ్ ది వుడ్స్' ఎక్కువగా స్టేసీ పని, తీరిగ్గా విను. 'లైవ్' అని 1968లో వచ్చినదాని జోలికి మాత్రం పోకు. స్టూడియో టేపులకి చప్పట్లు అతికించి కంపెనీవాళ్ళు జనానికి అంటగట్టారు. విన్నాక ఫోన్ చెయ్, తిట్టడానికైనా సరే.

నీ బావ