స్వదేశీ స్మరణలో చిదంబరం పిళ్లైకి చోటేదీ?

సంపాదకులకు నమస్కారాలతో,

ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం పేరిట మన హైదరాబాద్‌లో జరిగే సభల్లో 1905 నాటి స్వదేశీ ఉద్యమాన్ని తలచుకుంటున్నాం కానీ, ఆ పిలుపును నూలు బట్టకే పరిమితం చేయక నడిసముద్రం దాకా తీసుకెళ్లిన వి.ఓ. చిదంబరం పిళ్లై పేరు అక్కడ వినిపించకపోవడం బాధాకరం.

తూత్తుకుడిలో వకీలుగా ఉన్న ఆయన, కొలంబో దారిలో తెల్లవారి ఓడల గుత్తాధిపత్యాన్ని ఎదిరించడానికి 1906లో పది లక్షల రూపాయల మూలధనంతో, సామాన్యుడూ కొనగలిగేలా 25 రూపాయల వాటాలతో స్వదేశీ నౌకా సంస్థను స్థాపించారు. పోటీకి తాళలేక ఆంగ్లేయ కంపెనీ ఛార్జీలు తెగ్గోసింది. చివరకు ఉచిత ప్రయాణానికి తోడు గొడుగులు కూడా పంచిందట! 1908లో అక్కడి కోరల్ మిల్లు కార్మికుల సమ్మెకు అండగా నిలిచిన పిళ్లైని ప్రభుత్వం రాజద్రోహం కింద శిక్షించి, కోయంబత్తూరు జైలులో ఎద్దుకు బదులు గానుగకు కట్టింది. ఆయన 1912లో విడుదలయ్యే నాటికి సంస్థ మూతపడింది, ఓడలు అమ్ముడుపోయాయి. ఆపై 1936లో కన్నుమూసే వరకు ఆయనకు ఇబ్బందులు తప్పలేదు.

వచ్చే ఆగస్టులోనైనా మీ ఆదివారం సంచికలో ఆయనపై సమగ్ర వ్యాసం ప్రచురించాలని, మన పాఠశాలల్లో జరిపే స్వదేశీ వ్యాసరచన పోటీల్లో ఆయన జీవితాన్ని అంశంగా చేర్చాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, నారాయణగూడ, హైదరాబాద్