64 నుంచి 100 నంబర్ల పెన్నులు బుక్ చేసుకున్నవారికి

నమస్కారం. టైటానియం బోల్ట్ యాక్షన్ పెన్నులు (పక్కనున్న చిన్న పిడి, అంటే బోల్ట్, జరిపితే ములికి బయటికొచ్చేవి) వందలో 63 పంపేశాం. మిగతా 37 ఇప్పట్లో రావు. ఎందుకు రావో దాచకుండా చెబుతాను.

ముదురు నీలం అని చెప్పి బుకింగ్ తీసుకున్నాం. టైటానియం మీద ఆ నీలం పూసిన రంగు కాదని మీలో చాలామందికి తెలుసు. ద్రావణంలో ముంచి కరెంటు పెడితే పైన ఆక్సైడ్ పొర కడుతుంది. పొర మందాన్ని బట్టి వెలుగు రంగుగా కనబడుతుంది. ఇంచుమించు 30 వోల్టుల దగ్గర ముదురు నీలం వస్తుంది. ఇంకా పెంచితే నీలం వెలిసిపోతుంది, ఆ పైన పసుపుకి తిరుగుతుంది. తక్కువైతే మళ్ళీ పెంచుకోవచ్చు. ఎక్కువైతే వెనక్కి దిగదు, యాసిడ్‌తో పొర తీసేయాల్సిందే.

మొదటి విడత ముచ్చటగా చేసిన మనిషే రెండో విడతకి తొందరపడ్డాడు. 71వ పెన్ను కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. ఉతికి ఉతికి వెలిసిన చొక్కాలా ఉంది. క్లిప్ కింద ఎవరిదో వేలిముద్ర, గీతలతో సహా. జిడ్డు తుడవకుండా ముంచేశాడన్నమాట. ఫోన్ చేస్తే, "జేబులో ఉండేదే కదండీ, ఎవరు చూస్తారు?" అన్నాడు. ఆ జేబులోది రోజుకి పదిసార్లు తీసి చూసుకునేవాళ్ళ కోసమే కదా నేను దుకాణం పెట్టుకుంది! ఇక అతనికి పని ఇవ్వను.

యాసిడ్‌లో వేయించి మళ్ళీ రంగు ఎక్కించమన్నారు కొందరు. పొరతో పాటు లోహం కూడా కాస్త తింటుంది, లేజర్‌తో చెక్కిన నంబరు మసకబారుతుంది. వద్దన్నాను.

అసలు నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వనిది ఇంకో సలహా. "లేత నీలం స్పెషల్, 37 మాత్రమే అని పెట్టు, ఎగబడతారు." నిజమే, ఎగబడతారు. 1918లో అమెరికాలో విమానం తలకిందులుగా అచ్చయిన 24 సెంట్ల స్టాంపులు జనం చేతికి వచ్చింది ఒకే ఒక్క షీటు, వంద స్టాంపులు. ఇవాళ వాటి విలువ మీకు చెప్పక్కర్లేదు. కానీ ఆ కౌంటర్లో గుమాస్తా తెలియక అమ్మాడు. నేను తెలిసి అమ్మాలి. పైగా ఆ పెన్ను వెయ్యి చేసినా అలాగే రాస్తుంది. మీరు కొన్నది వందే చేస్తానన్న నా మాటని. నేను ఏ కొత్త పెన్ను తెచ్చినా 7వ నంబరు తనకే కావాలనే ఒకాయన ఉన్నారు. ఆయనకి ఏ ముఖం పెట్టుకుని చెప్పను, ఈసారి రెండు రకాల వంద అని?

కాబట్టి 37 పెన్నులూ రెండేసి ముక్కలుగా కోయించాను. నంబరు కనబడేలా తీసిన ఫొటోలు ఎవరివి వాళ్ళకి పంపిస్తాను. అవే నంబర్లతో కొత్తవి వేరేచోట చేయిస్తున్నాను, ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆగలేనివాళ్ళు ఒక్క మెసేజ్ పెట్టండి, డబ్బు మొత్తం వెనక్కి వేస్తాను. వాళ్ళ నంబరు మాత్రం ఇంకెవరికీ ఇవ్వను, ఆ పెన్నే చేయించను. వంద కాస్తా తొంభై అయినా సరే. మొండితనం అనుకుంటే అనుకోండి.

71వ పెన్ను ముక్కలు రెండూ నా బల్ల మీదే ఉన్నాయి. పై సగంలో బోల్ట్ ఇంకా టక్కుమంటూనే ఉంది.