ప్రసవ కేంద్రానికి అనుమతి: గదుల కొలతలు సరే, తరలింపు మాటేమిటి?

సంపాదక మహోదయులకు నమస్కారములు.

కాన్పుల్లో పెద్ద ఆపరేషన్లు మితిమీరుతున్నాయని మీ పత్రిక చాలాకాలంగా రాస్తూనే ఉంది. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల వరకే చూస్తే ఆ సంఖ్య 81.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. కోత లేకుండా బిడ్డను కనాలనుకునే దంపతులు ఈ లెక్కలు చూసి బెదిరి, ఆస్పత్రికి వెలుపల విడిగా, కాన్పులు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులైన మిడ్‌వైఫ్‌ల బాధ్యతపై నడిచే ప్రసవ కేంద్రాల వైపు చూస్తున్నారంటే అందులో వింత లేదు. ప్రభుత్వ ఆస్పత్రుల లేబర్ రూముల్లో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసిన స్టాఫ్ నర్సును నేను. ఇలాంటి కేంద్రాలు రావాలనే నా కోరిక. అయితే వాటికి అనుమతి ఏ ప్రాతిపదికన ఇస్తారన్న విషయం మీద ఎక్కడా చర్చ జరగకపోవడం వల్ల ఈ లేఖ రాస్తున్నాను.

2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని తెలంగాణ స్వీకరించింది. ఆంధ్రప్రదేశ్‌కు ఉమ్మడి రాష్ట్రంలో 2002లో చేసిన ప్రైవేటు వైద్య సంరక్షణ సంస్థల చట్టం ఉంది. కేంద్ర చట్టంలోని నిర్వచనం విశాలమైనది. ప్రసూతి గృహాన్ని పేరుపెట్టి చెప్పడమే కాక, ఏ పేరుతో పిలిచినా సరే గర్భానికి సంబంధించిన సంరక్షణ అందించే సంస్థలన్నిటినీ తన పరిధిలోకి తెచ్చుకుంది. కాబట్టి “మాది ఆస్పత్రి కాదు, వెల్‌నెస్ సెంటర్” అని బోర్డు పెట్టుకుని కాన్పులు చేసేవారు రిజిస్ట్రేషన్ అక్కర్లేదనుకుంటే పొరపాటు. చిక్కు మరోచోట ఉంది. ఈ చట్టం కింద దరఖాస్తు అందిన 10 రోజుల్లోగా, ముందస్తు విచారణ ఏదీ లేకుండానే, ఏడాదికి చెల్లే తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తారు. ప్రమాణాలు పరిశీలించి ఇచ్చే ఐదేళ్ల శాశ్వత రిజిస్ట్రేషన్ ఆ తరువాతి మాట. పళ్ల డాక్టరు గదికో, రక్తపరీక్షల కేంద్రానికో ఈ సౌలభ్యం ఇస్తే ఇవ్వవచ్చు గానీ, తల్లి ప్రాణం, బిడ్డ ప్రాణం చేతిలో పెట్టుకునే చోటికి ఒక్క అధికారి కూడా గడప తొక్కి చూడకుండా ఏడాదిపాటు తలుపులు తెరిచే వీలు ఉండకూడదు.

చూడటమంటూ జరిగినా ఏం చూస్తారన్నది రెండో ప్రశ్న. తనిఖీ అనగానే మన అధికారుల దృష్టి గది పొడవు వెడల్పుల మీదికి, అగ్నిమాపక శాఖ పత్రం మీదికి, వైద్య వ్యర్థాలు వేసే పసుపు సంచీలూ ఎర్ర సంచీలూ వేరుగా ఉన్నాయా లేవా అన్నదాని మీదికి పోతుంది. అవి అక్కర్లేదని నేను అనను. కాన్పు తరువాత పడే మాయను ఏ సంచిలో వేయాలో 2016 నాటి జీవవ్యర్థాల నియమాలు చెబుతున్నాయి, పాటించి తీరాలి. కానీ విడిగా నడిచే ప్రసవ కేంద్రంలో అన్నిటికంటే ముందు అడగవలసినది, నొప్పులు పడుతున్న తల్లిని అక్కడి నుంచి ఎక్కడికి, ఎంతసేపట్లో, ఎవరి వెంట పంపిస్తారన్నది.

అమెరికాలో 84 ప్రసవ కేంద్రాలలో చేరిన 11,814 మంది స్త్రీల మీద జరిగి 1989లో వెలువడిన అధ్యయనం ఈ రంగంలో తరచూ ఉదహరించేది. అందులో సిజేరియన్లు నూటికి 4.4 మాత్రమే. మన కేంద్రాలవారు ఈ సంఖ్యను తమ ప్రచారంలో వాడుకుంటే తప్పుపట్టను. అయితే అదే అధ్యయనంలో 15.8 శాతం మందిని ఆస్పత్రికి తరలించవలసి వచ్చింది. ఇంగ్లండులో 2011లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, ఆస్పత్రికి దూరంగా ఉన్న మిడ్‌వైఫ్ కేంద్రాలలో తొలిచూలు స్త్రీలు నూటికి 36 మంది తరలింపు అవసరమైనవారే. ఏ ఇబ్బందీ లేదని ముందే పరీక్షించి చేర్చుకున్నవారిలోనే పరిస్థితి ఇలా ఉంటే, తరలింపును ఎప్పుడో అరుదుగా వచ్చే ఆపదగా భావించి అనుమతులు ఇవ్వడం కుదరదు.

మా లేబర్ రూముకు ఒక రాత్రి రెండు గంటల వేళ ఒక తొలిచూలు అమ్మాయిని ఆటోలో తీసుకొచ్చారు. వెంట భర్త, అత్తగారు తప్ప మరెవరూ లేరు. ఊళ్లో ఒక ప్రైవేటు ప్రసూతి గృహంలో పొద్దుటి నుంచి ఉంచుకుని, చేయి దాటాక పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారట. చేతిలో కాగితం ముక్క లేదు. ఉమ్మనీరు ఎప్పుడు పోయిందో, నొప్పులు తెప్పించే ఇంజెక్షను ఎంత ఎక్కించారో, బిడ్డ గుండె కొట్టుకోవడం చివరిసారి ఎప్పుడు విన్నారో చెప్పేవారు లేరు. ఫోను చేస్తే ఎత్తలేదు. ఉన్న కొద్ది నిమిషాలూ ఆ అమ్మాయికి అప్పటిదాకా ఏం జరిగిందో మేము మొదటి నుంచి తెలుసుకోవడానికే సరిపోయాయి. తల్లి దక్కింది, బిడ్డ నవజాత శిశువుల యూనిట్‌లో చాలా రోజులు ఉండవలసి వచ్చింది. పంపినవారు మాత్రం తాము “రెఫర్” చేశామనే అనుకుని ఉంటారు.

అందుకే అనుమతి పత్రానికి మొదటి షరతుగా, ఆపరేషన్ థియేటరు, మత్తు డాక్టరు, రక్తం ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉన్న ఆస్పత్రితో రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి. దూరాన్ని కిలోమీటర్లలో కొలిచి సంతకం పెడితే చాలదు. మియాపూర్ నుంచి నాంపల్లికి తెల్లవారుజామున పట్టే సమయానికీ సాయంత్రం ఆరు గంటలకు పట్టే సమయానికీ పొంతన ఉండదని హైదరాబాదులో బస్సెక్కిన ఎవరికైనా తెలుసు. రద్దీ వేళలో వాహనం నడిపి చూసి సమయాన్ని నమోదు చేయాలి. నొప్పులు మొదలైనప్పటి నుంచి నింపిన పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో గుర్తించే పటం) నకలు తల్లితోపాటు వెళ్లాలి, ఆమెను చూసుకున్న మిడ్‌వైఫ్ కూడా అదే వాహనంలో ఎక్కాలి. ఇక్కడ ఆస్పత్రుల వైపు కూడా ఒక మాట చెప్పకుండా ఉండలేను. “వాళ్లు చెడగొట్టి మన మీదికి తోశారు” అన్న విసుగు లేబర్ రూముల్లో మామూలే, నేనూ అన్న సందర్భాలున్నాయి. అయినా అత్యవసర స్థితిలో వచ్చినవారిని స్థిమితపరచే బాధ్యతను 2010 చట్టమే ప్రతి సంస్థ మీదా పెట్టింది. తరలింపుల లెక్కను ఏటా ప్రకటించాలి గానీ, ఎక్కువ మందిని పంపారన్న కారణంగా ఏ కేంద్రాన్నీ దండించకూడదు. అలా దండిస్తే పంపవలసినవారిని కూడా ఇంకో గంట, ఇంకో అరగంట అంటూ ఆపుతారు.

రెండో షరతు ఎవరిని చేర్చుకోవాలన్నది. ఒకే బిడ్డ, తల కిందికి ఉండటం, నెలలు నిండటం, రక్తపోటు లేకపోవడం వంటివి అందరూ ఒప్పుకునేవే. మన దగ్గర అసలు పేచీ ముందు కాన్పు ఆపరేషన్ అయినవారి విషయంలో వస్తుంది. ఇన్ని ఆపరేషన్లు జరిగే రాష్ట్రంలో రెండో కాన్పుకు వచ్చేవారిలో పాత కోత ఉన్నవారే ఎక్కువ. ఈసారైనా మామూలు కాన్పు కావాలన్న ఆశ వారికే ఎక్కువ. గర్భసంచి మీది పాత కుట్టు విడిపోతే నిమిషాల్లో థియేటరు కావాలి. వారికి సహజ ప్రసవం వద్దని కాదు, ఆ ప్రయత్నం థియేటరు ఉన్న ఆస్పత్రిలోనే జరగాలి. ఈ గీతను కేంద్రాల విచక్షణకు వదలకుండా అనుమతి పత్రంలోనే గీయాలి. గర్భిణులలో సగానికి పైగా రక్తహీనత ఉన్న రాష్ట్రాలు మనవి. హిమోగ్లోబిన్ ఎంతకు తక్కువైతే చేర్చుకోకూడదో కూడా అంకె వేసి రాయాలి.

కాన్పు తరువాతి రక్తస్రావాన్ని ఆపే ఆక్సిటోసిన్ ఇంజెక్షను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ ఎలా నడుస్తుందని ఏ తనిఖీ అధికారి అయినా అడిగితే సంతోషిస్తాను. అలాగే ప్రతి కాన్పు దగ్గర శిక్షణ పొందినవారు ఇద్దరుండాలి. బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషంలోనే ఊపిరి అందించే అంబూ బ్యాగ్ అందుకునే చేతులు వేరు, అదే సమయంలో తల్లిని చూసే చేతులు వేరు.

ఇక్కడ జాగ్రత్త పేరుతో ఇంకో అతికి పోయే ప్రమాదమూ ఉంది. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఆరోగ్యశాఖ ప్రసవ కేంద్రాలను ఆస్పత్రుల కింద లెక్కగట్టి ఆ లైసెన్సు ఉండాలని పట్టుబట్టడంతో, 2023లో డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు కోర్టుకెక్కారు. 2025లో అక్కడి న్యాయస్థానం కేంద్రాల పక్షాన తీర్పు ఇచ్చింది. థియేటరు, ఐసీయూ, లిఫ్టు ఉంటేనే అనుమతి అన్నామంటే ఆ ఖర్చు రాబట్టుకోవడానికి కేంద్రం ఆస్పత్రిగా మారుతుంది, మళ్లీ కోత దగ్గరికే వస్తుంది.

పనిచేసేవారి మాటకొస్తే, 2017లోనే నర్సులకు మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టిన రాష్ట్రం తెలంగాణ. 2018లో కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాలు 18 నెలల శిక్షణను నిర్దేశించాయి. అయితే ఆ ఆలోచన అంతా ఆస్పత్రి ఆవరణలోని మిడ్‌వైఫ్ యూనిట్ల గురించినది. బయట సొంతంగా నడిపే కేంద్రంలో మిడ్‌వైఫ్ ఏ మందు తానే ఇవ్వవచ్చు, దేనికి డాక్టరు సంతకం కావాలి అన్నది స్పష్టంగా రాసిపెట్టాలి. 2023లో వచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం అందుకు తగిన అవకాశం. నాలుగు రోజుల వర్క్‌షాపు ధ్రువపత్రాన్ని గోడకు తగిలించుకున్నవారికీ, వందల కాన్పులు చేసిన మిడ్‌వైఫ్‌కూ తేడా గర్భిణికి బోర్డు చూస్తే తెలియదు.

శాశ్వత రిజిస్ట్రేషన్‌కు ముందు సంస్థ సమర్పించిన ఆధారాలను 30 రోజులపాటు ప్రజల ముందుంచి అభ్యంతరాలు తీసుకోవాలని 2010 చట్టంలో ఉంది. జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే రిజిస్టరింగ్ అథారిటీలు ప్రసవ కేంద్రాల విషయంలోనైనా ఆ వివరాలను తెలుగులో, ఒప్పందం చేసుకున్న ఆస్పత్రి పేరు, అక్కడికి పట్టే సమయంతో సహా ప్రకటించాలని, తాత్కాలిక రిజిస్ట్రేషన్ దశలోనే జిల్లా వైద్యాధికారి ఒకసారి వెళ్లి చూసేలా రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
కరీంనగర్