ఫిబ్రవరిలో మోటివేషన్ క్లాసు పెట్టే బదులు జూన్ నుంచే నోటుబుక్కులు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

సంక్రాంతి సెలవులు అయిపోయాయంటే మా వైపు హైస్కూళ్లలో ఒక తంతు మొదలవుతుంది. షామియానా వేసి, మైకు పెట్టి, ఎక్కడి నుంచో ఒక మోటివేషన్ స్పీకర్‌ని పిలిపిస్తారు. ఆయన మొదటి గంటంతా పదో తరగతి పిల్లల్ని నవ్విస్తాడు. రెండో గంటలో వెనక సన్నగా మ్యూజిక్ పెట్టించి, మీ అమ్మ మీకోసం ఎంత కష్టపడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా అని మొదలుపెట్టి అందరినీ ఏడిపిస్తాడు. ఆడపిల్లలు వెక్కి వెక్కి ఏడుస్తారు, మగపిల్లలు తల దించుకుంటారు, చివర్లో అందరూ పిడికిళ్లు బిగించి సాధిస్తాం సాధిస్తాం అని అరుస్తారు, ఆ ఫోటోలు సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. మర్నాడు లెక్కల పీరియడ్‌లో, ఒక సంఖ్యకు మూడు రెట్లలోంచి 7 తీసేస్తే 11 వచ్చింది, ఆ సంఖ్య ఎంత అని అడిగితే, నిన్న అందరికంటే గట్టిగా అరిచిన పిల్లాడే పెన్ను కొరుక్కుంటూ కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. స్పీకర్లంటే నాకేం కోపం లేదు, కొందరు బాగానే మాట్లాడతారు. నా బాధల్లా ఏంటంటే, పిల్లల్లో నమ్మకాన్ని మాటలతో నింపేయొచ్చని టీచర్లు, తల్లిదండ్రులు, చివరికి మీ విద్యా పేజీలో వ్యాసాలు రాసేవాళ్లు కూడా అనుకుంటున్నారు. నిన్న రానిది ఇవాళ వచ్చిందని పిల్లాడికి తన నోటుబుక్కులో కనపడాలి, అప్పుడు వస్తుంది నమ్మకం. అది లేకుండా ఎంత గొప్పవాళ్లతో ఉపన్యాసం ఇప్పించినా దాని ప్రభావం ఆ పూటకే.

ఆ లెక్కనే తీసుకోండి. చాలామంది పిల్లలు మైనస్ 7ని అటుపక్కకి తీసుకెళ్లేటప్పుడు గుర్తు మార్చడం మర్చిపోతారు. 11లోంచి 7 తీసేసి 4 అంటారు, దాన్ని 3తో భాగించబోతే సరిగ్గా పోదు, అక్కడితో వదిలేస్తారు. టీచరు ముందు యాభై అరవై నోటుబుక్కులు ఉంటాయి, పక్కన ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సిన వివరాలు ఉంటాయి, అందుకని పేజీకి అడ్డంగా ఒక ఎర్ర గీత కొట్టి సంతకం పెట్టి తేదీ వేసేస్తారు. ఆ పిల్లాడికి అందులో అర్థమయ్యేది ఒక్కటే, నాకు లెక్కలు రావు అని. కానీ వాడు చేసింది చూడండి. ప్రశ్న చదివి అర్థం చేసుకున్నాడు, దాన్ని సమీకరణంగా రాశాడు, మూడు రెట్లని ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టాడు, పక్షాంతరం చెయ్యాలని కూడా తెలుసు, ఒక్క గుర్తు దగ్గర తప్పాడు. ఆ మైనస్ చుట్టూ చిన్న సున్నా చుట్టి "ఇక్కడిదాకా కరెక్టే, ఈ గుర్తు ఒకసారి చూడు" అని రాస్తే చాలు. 11కి 7 కలిపితే 18, మూడుతో భాగిస్తే 6. వాడే చేసి చూపిస్తాడు. అన్ని పుస్తకాలూ రోజూ ఇలా దిద్దడం ఎవరివల్లా కాదు, నాకు తెలుసు. రోజుకో పది పుస్తకాలు ఇలా చూసినా వారంలో క్లాసంతా తిరిగొస్తుంది.

ఇక గోల్స్ సంగతి. నీ గోల్ ఏంట్రా అంటే ప్రతి పిల్లాడి దగ్గరా జవాబు రెడీగా ఉంటుంది. కలెక్టర్, డాక్టర్, ఐఐటీ. వాటిని చార్టుల మీద స్కెచ్ పెన్నులతో రాయించి గోడకి అంటిస్తారు. ఆ చార్టు చూసుకుని మంగళవారం సాయంత్రం ఇంటికెళ్లి ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తెలీదు. ప్రైవేటు వాళ్లయితే ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు. ఐఐటీలన్నిటిలో కలిపి సీట్లు 18 వేల చిల్లర, వాటికి మొదటి మెట్టయిన జేఈఈ మెయిన్ పరీక్ష రాసేవాళ్లేమో 14 లక్షల పైమాట. ఎంత చదివినా సీటు రావడమన్నది పక్కవాళ్లు ఎలా రాశారన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది కదా, అలాంటిదాన్ని పదకొండేళ్ల పిల్లకి లక్ష్యమని చెప్తే ఆ పిల్లకి మిగిలేది టెన్షనే. శుక్రవారం లోపు గుర్తుల తప్పు లేకుండా పది లెక్కలు చెయ్యి అంటే, అది పూర్తిగా తన చేతిలో ఉన్న పని. ఎన్ని తప్పులొచ్చాయో కూడా తనే లెక్కపెట్టుకుని పుస్తకం చివరి పేజీలో రాసుకోవాలి. ఒక వారం ఆరు, తర్వాత నాలుగు, మళ్లీ ఐదు (పెరుగుతాయి కూడా, మధ్యలో ఏ దసరా సెలవులో వచ్చాయనుకోండి), ఆ తర్వాత రెండు. మా క్లాసులో కొందరు ఆ చివరి పేజీని ఎవరికీ చూపించరు, చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. చింపెయ్యరు కూడా.

గోల్ అనగానే అందరూ ఎవరెస్ట్ ఉదాహరణ చెప్తారు కాబట్టి దాని గురించే చెప్పుకుందాం. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆమెకి పద్నాలుగేళ్లు నిండలేదు. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు, చదువు సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఆమెతో పాటే ఎక్కాడు. అప్పట్లో అన్ని పేపర్లూ శిఖరం ఎక్కిన వార్తనే పెద్దగా వేశాయి. క్లాసులో నేను ఎక్కువసేపు చెప్పేది తెలంగాణలోని భువనగిరి బండ, అంటే ఆ పెద్ద రాతిగుట్ట గురించి. వీళ్ల శిక్షణ మొదలైంది అక్కడ. తాడు ఎలా కట్టుకోవాలి, కాలు ఎక్కడ మోపాలి, భయమేసినా చెయ్యి వదలకుండా ఎలా ఉండాలి, ముఖ్యంగా ఎలా దిగాలి, ఇవన్నీ ముందు మన బండ మీదే. అక్కడ గట్టిగా నిలబడ్డవాళ్లని డార్జిలింగ్‌లో పర్వతారోహణ శిక్షణకి పంపారు, తర్వాత లద్దాఖ్ చలికి అలవాటు చేశారు, ఆ తర్వాతే ఎవరెస్ట్. శిఖరం ఫోటో చూపించినంతసేపు నోరెళ్లబెట్టి చూసే పిల్లలు, భువనగిరి దగ్గరికొచ్చేసరికి ప్రశ్నలు అడగడం మొదలుపెడతారు. తాడు తెగితే మేడం? చెప్పులేసుకుంటారా మేడం?

తల్లిదండ్రుల గురించి కూడా ఒక మాట. మా ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న అన్ని ప్రభుత్వ బడుల్లో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, మరుసటి ఏడాది జులైలో మళ్లీ పెట్టారు. మంచి పని, కూలిపని మానుకుని మరీ వచ్చిన తల్లులున్నారు. అలాంటి సమావేశాల్లో ఎప్పుడూ వినే మాటలు రెండు. ఒకటి, మావాడు ఏకసంథాగ్రాహి అండీ, చదవడు గానీ చదివితే వాడిని మించినవాడు లేడు. రెండోది, మా ఇంట్లో ఎవరికీ లెక్కలు రావండీ, దీనికీ వాళ్ల నాన్న పోలికే. రెండు మాటలూ పిల్లలు పక్కన నిలబడి వింటుండగానే. మొదటి మాట విన్న పిల్లాడు ఇక చచ్చినా కష్టపడి చదవడు, ఎందుకంటే కష్టపడి కూడా మార్కులు రాకపోతే ఏకసంథాగ్రాహి బిరుదు పోతుంది. రెండో మాట విన్న పిల్లకి పుస్తకం మూసెయ్యడానికి వంశపారంపర్య హక్కు దొరికేస్తుంది.

ఇది నా సొంత కవిత్వం కాదు. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో క్లాడియా ముల్లర్, కేరొల్ డ్వెక్ అనే ఇద్దరు ఐదో తరగతి పిల్లలతో పరీక్ష చేసి 1998లో ఫలితాలు ప్రచురించారు. ముందు పిల్లలకి తేలిక పజిల్స్ ఇచ్చి, అయ్యాక కొందరిని నీకు తెలివెక్కువ అని, కొందరిని బాగా కష్టపడ్డావు అని మెచ్చుకున్నారు. తేడా ఆ ఒక్క వాక్యమే. తర్వాత చాలా కష్టమైనవి ఇచ్చారు, అందరూ తడబడ్డారు. మళ్లీ మొదటిలాంటి తేలికవే ఇస్తే, తెలివెక్కువ అనిపించుకున్నవాళ్లు మొదటిసారి కంటే తక్కువ చేశారు, కష్టపడ్డావు అనిపించుకున్నవాళ్లు ఎక్కువ చేశారు. ఇంకో విచిత్రం, వేరే స్కూలు పిల్లలకి మీ స్కోరు రాసి పంపండి అంటే తెలివైనవాళ్లమనిపించుకున్నవాళ్లలో పదిమందిలో నలుగురు దాకా ఎక్కువేసి రాశారు. మన దగ్గర ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం తామే పెట్టుకొచ్చే పిల్లల్లో క్లాసు టాపర్లు కూడా ఎందుకుంటారో నాకు ఇది చదివాకే అర్థమైంది.

తెలివి పుట్టుకతో వచ్చి ఆగిపోదు, ప్రయత్నంతో పెరుగుతుందన్న ఈ ఆలోచననే గ్రోత్ మైండ్‌సెట్ అంటారు. అయితే అది కూడా ఇప్పుడు మోటివేషన్ క్లాసుల్లో మంత్రంలా తయారైంది, అందుకే దీన్ని కూడా నెత్తిన పెట్టుకోవద్దంటున్నాను. 2019లో అమెరికాలోనే సుమారు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లలకి గంట లోపు ఆన్‌లైన్ పాఠంగా ఇదే చెప్పి చూశారు. చదువులో వెనకబడిన పిల్లల సగటు గ్రేడు, 4 పాయింట్ల స్కేలు మీద 0.1 పెరిగింది. అంతే. అది కూడా, కష్టమైనదాన్ని ప్రయత్నించడం తప్పుకాదని తోటి పిల్లలు అనుకునే స్కూళ్లలో బాగా పనిచేసింది, మిగతాచోట్ల అంతగా లేదు. అంటే పాఠం కంటే క్లాసు వాతావరణం ముఖ్యం. తప్పు జవాబు చెప్తే అందరూ గొల్లుమని నవ్వే క్లాసులో పిల్లాడికి ఎంత మైండ్‌సెట్ నేర్పినా వాడు చెయ్యెత్తడు. మా ఊళ్లో ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికే స్టార్ బ్యాచ్ అని ఒకటి, మామూలు బ్యాచ్ అని ఇంకోటి పెట్టారు, రంగు బ్యాడ్జీలు కూడా వేరు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా తెలుసు ఎవరు ఏ బ్యాచో. అదే స్కూలు గోడ మీద పెద్దక్షరాలతో ఉంటుంది, నువ్వు ఏదైనా సాధించగలవు అని!

ఇంకో ప్రమాదం ఉంది. అన్నీ ప్రయత్నంతోనే వస్తాయి అనేసరికి, రాకపోతే నువ్వు ప్రయత్నించలేదు అని పిల్లాడిమీదకి నెట్టెయ్యడం చాలా తేలికైపోతుంది. పల్లె పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలో పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగేవాళ్లు సగం మంది కూడా లేరు. అలాంటి పిల్ల ఎనిమిదో తరగతికొచ్చి వాక్యాల్లో ఇచ్చిన లెక్క చదవలేకపోతే దాన్ని ప్రయత్నలోపం అనడం అన్యాయం. ఆ పిల్లకి ముందు చదవడం నేర్పాలి, ఎనిమిదో తరగతి సిలబస్ కాసేపు పక్కనపెట్టి అయినా సరే. సిలబస్ పూర్తయిందా అని అడిగే అధికారులు, ఎంతమంది చదవగలుగుతున్నారని కూడా అడిగితే టీచర్లకి ఆ ధైర్యం వస్తుంది. ఆ పిల్లకి దక్కేది మాత్రం మన పెద్దవాళ్ల సామెత, మొక్కై వంగనిది మానై వంగునా అని. పన్నెండేళ్లకే మాను చేసేస్తున్నాం!

చివరగా ఎడిటర్ గారూ, మీతో ఒక విన్నపం. ఫలితాల రోజు మీ పేపర్ తెరిస్తే మొదటి పేజీ నిండా ర్యాంకుల ప్రకటనలు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు. ప్రకటనలు మీకు అవసరం, అర్థం చేసుకోగలను. లోపలి పేజీల్లో టాపర్ల ఇంటర్వ్యూలు వేస్తారు, రోజుకి ఎన్ని గంటలు చదివారు, ఫోన్ చూశారా లేదా అని. వేయండి, తప్పులేదు. కానీ 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి రాసినవాళ్లలో నూటికి 81 మంది పాసయ్యారు, అంటే లక్ష మందికి పైగా పిల్లలు తప్పారు. వాళ్లలో కొందరు ఆ ఎండల్లోనే సప్లిమెంటరీ రాసి లెక్కలు గట్టెక్కారు. 18 మార్కుల నుంచి 41కి వచ్చిన పిల్ల ఆ మధ్యలో ఏ చాప్టర్లు పట్టుకుంది, ఎవరి దగ్గర కూర్చుని నేర్చుకుంది, ఏది వదిలేసింది, ఇంట్లో ఎవరేమన్నారు, ఇవన్నీ మీ విలేకరి వెళ్లి అడిగి ఒక అరపేజీ రాస్తే మా పిల్లలకి టాపర్ టైంటేబుల్ కంటే బాగా పనికొస్తుంది. పేరు, ఫోటో వెయ్యొద్దు, పిల్లలు ఒప్పుకోరు. వచ్చే సప్లిమెంటరీ ఫలితాలకి వేస్తే ఆ పేజీ కత్తిరించి మా నోటీసు బోర్డులో పెట్టే పూచీ నాది.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
రాజమహేంద్రవరం