డబ్బాలో నీళ్లే పోయండి

సంపాదకులకు,

అమెరికన్ గాయని ఒలీవియా రోడ్రిగో ‘గుడ్ ఫర్ యూ’ పాట వీడియో 2021 మేలో వచ్చింది, అప్పటికి ఆమెకు 18 ఏళ్లు. తనను వదిలేసినవాడు హాయిగా తిరుగుతుంటే ఒళ్లు మండిన పిల్ల, నల్ల గ్లౌజులు తొడుక్కుని పెట్రోలు కొని ఒక పడకగది తగలబెడుతుంది. దర్శకురాలు పెట్రా కాలిన్స్. ఇలాంటి పాటలు పగ నేర్పుతాయా లేదా అన్నది పెద్దలు తేల్చుకుంటారు. మా భయమల్లా, యూట్యూబ్ కోసం బ్రేకప్ పాటలు తీసే మన కుర్రాళ్లు ఆ మంటను నిజం పెట్రోలుతో తీయబోతారేమోనని.

పెట్రోలులో మండేది ద్రవం కాదు, ఆవిరి. సుమారు మైనస్ 40 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి లేస్తుంది. అది గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు కనుక నేలను పట్టుకుని పాకి, పది అడుగుల అవతల లైటు ప్లగ్గులో చిన్న రవ్వ ఉన్నా అందుకుంటుంది. అగ్గిపుల్ల గీసేవాడు తన ముందున్న తడినే చూస్తాడు, మంట కాళ్ల కిందనుంచి లేస్తుంది. అందుకే డబ్బాలో నీళ్లు పోయండి, రంగు కావాలంటే కాస్త టీ డికాక్షన్ కలపండి. డబ్బా కొత్తదై ఉండాలి. పెట్రోలు పోసి ఖాళీ చేసినదాంట్లోనూ ఆవిరి మిగులుతుంది.

మంట కోసం వరసగా రంధ్రాలు వేసిన ఇనుప పైపు చాలు. గ్యాస్ సిలిండరును సెట్టుకు బయట ఉంచి, రెగ్యులేటర్, ట్యూబు, మధ్యలో వాల్వు పెట్టాలి. వాల్వు దగ్గర నిలబడిన మనిషికి మరో పని చెప్పకూడదు. ముందు నిప్పు చూపించి, తర్వాతే గ్యాస్ తిప్పాలి. తిరగేసి చేస్తే గ్యాస్ నేలమీద పేరుకుని భగ్గుమంటుంది. ఒక పైపు కెమెరాకూ పాడే అమ్మాయికీ మధ్య, ఇంకొకటి ఆమె వెనక పెట్టండి. రెండింటికీ ఆమె కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి. 100 ఎంఎం లెన్సు వేస్తే ఆ దూరం తెరమీద కుదించుకుపోయి, ఆమె మంటల నడుమే ఉన్నట్టు కనిపిస్తుంది. ముఖంమీద ఎర్రని వెలుగుకు ఆరెంజ్ జెల్ (లైటు ముందు కట్టే రంగు పొర) వేసిన రెండు లైట్లను ఒకదానితో ఒకటి పొంతన లేకుండా డిమ్మర్‌తో ఆడించండి. కలిసి ఆడితే పెళ్లి సీరియల్ సెట్టులా ఉంటుంది.

చిన్న మంట పెద్దగా కనబడాలంటే సెకనుకు 48 ఫ్రేముల్లో తీసి 24లో ఆడించాలి. కానీ పాడే అమ్మాయిని అలా తీయాలంటే సెట్టులో వినిపించే పాటను రెట్టింపు వేగంతో నడపాలి. ఈ పాటే నిమిషానికి సుమారు 167 బీట్లు, రెట్టింపు చేస్తే ఎవరి పెదవులూ అందుకోలేవు. కాబట్టి నల్ల తెర ముందు మంటను విడిగా తీసుకుని ఎడిటింగ్‌లో కలపడమే మేలు. ఖర్చూ తక్కువే.

మన సెట్లలో అసలు ముప్పు థర్మోకోల్. అంటుకుంటే కరిగి బొట్లు బొట్లుగా కారుతుంది, నల్లటి పొగ వస్తుంది. ఆ వీడియోలో వేసుకున్నలాంటి ఛీర్‌లీడర్ డ్రెస్సులు చాలావరకు పాలిస్టరే, కాలితే చర్మానికి అతుక్కుంటాయి. లోపల ఒక పొర నూలు బట్ట వేయించండి, హెయిర్ స్ప్రే ఆ రోజుకు మానిపించండి. డ్రై పౌడర్ ఎక్స్‌టింగ్విషర్లు రెండు, తడిపిన దుప్పట్లు చేతికందేలా ఉండాలి. షూటింగుకు ముందే దగ్గరి ఫైర్ స్టేషన్‌లో చెప్పి ఉంచండి.

కట్ చెప్పాక సిలిండరు దగ్గరే గ్యాస్ ఆపి, పైపులో మిగిలింది మండిపోనివ్వాలి. పరుపులూ దిండ్లూ లోలోపల రాజుకుంటాయి కనుక, అందరూ భోజనాలకు వెళ్లినా ఒక మనిషి అరగంటపాటు అక్కడే కాపలా ఉండాలి.

ఇట్లు,
షూటింగుల్లో నిప్పు సీన్ల పని తెలిసిన పాఠకులు,
కృష్ణానగర్, హైదరాబాద్