రోమియో జూలియట్‌లను చంపింది తలరాతేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆదివారం మీ పేపర్లో షేక్‌స్పియర్ నాటకం రోమియో జూలియట్ మీద వచ్చిన వ్యాసం చదివానండి. బాగుంది, కానీ వాళ్ల చావుకి నెపమంతా విధి మీదా వాళ్ల రెండిళ్ల పగ మీదా వేసేశారు, అది మాత్రం నాకు మింగుడుపడలేదు. చాలా ఏళ్లు కాలేజీలో ఆ నాటకం పాఠం చెప్పినదాన్ని, అందుకే రాస్తున్నా.

పగ ఉంది, కాదనను. ప్లేగు భయంతో ఫ్రయర్ జాన్ అనే సన్యాసిని ఒక ఇంట్లో పెట్టి తలుపులు మూసేశారు, జూలియట్ నిజంగా చావలేదని చెప్పే ఉత్తరం ఆయన చేతిలోనే ఉండిపోయి, రోమియో ఉన్న మాంటువా ఊరు చేరలేదు, అది దురదృష్టమే. కానీ ఒక్క సంగతి చూడండి. షేక్‌స్పియర్ కంటే ముందే 1562లో ఆర్థర్ బ్రూక్ ఇదే కథని పద్యంగా రాశాడు, అందులో నెలల తరబడి నడుస్తుంది, జూలియట్‌కి 16 ఏళ్లు. షేక్‌స్పియర్ దాన్ని ఆదివారం నుంచి గురువారం రాత్రి దాకా కుదించేశాడు, పిల్లకి 14 కూడా నిండనివ్వలేదు. ఊరికే చేసుంటాడా? ఆ తొందరే ఈ నాటకానికి ప్రాణం అని నా నమ్మకం.

రోమియో ఆదివారం పొద్దున రోజలీన్ అనే వేరే అమ్మాయి కోసం ఏడుస్తుంటాడు, రాత్రికి జూలియట్ మీద మనసు పడతాడు, సోమవారం పెళ్లే అయిపోతుంది. జూలియట్ బంధువు టిబాల్ట్ రెచ్చగొడితే మొదట తగ్గుతాడు, అక్కడ నాకు ఎంత ముచ్చటేస్తుందో, కానీ తన స్నేహితుడు మెర్క్యూషియో టిబాల్ట్ చేతిలో చచ్చిపోగానే ఒళ్లు తెలియని కోపంతో కత్తి దూసి టిబాల్ట్‌ని చంపేసి, వెంటనే నేను విధి చేతిలో బొమ్మనైపోయానని అరుస్తాడు. వీధిలో మళ్లీ గొడవ పడితే ప్రాణాలు తీస్తానని ఊరిని ఏలే ప్రిన్స్ చెప్పింది ముందురోజే కదా. కత్తి దూసింది విధి కాదండీ, ఆ అబ్బాయే. అందుకే ఊరి నుంచి వెళ్లగొడితే మాంటువా పోవాల్సి వచ్చింది.

జూలియట్ మీద జాలి ఎక్కువ నాకు. బాల్కనీలో ఇదంతా మరీ తొందరగా ఉంది, మెరుపులా ఉంది అని తనే అంటుంది, అయినా అదే రాత్రి, పెళ్లి ఎప్పుడో రేపు కబురు పంపమంటుంది. అంత తెలివైన పిల్ల, తెలిసీ ఆగలేకపోయింది.

పెద్దవాళ్లు మాత్రం? నిదానమే ప్రధానం అని చెప్పిన మరో సన్యాసి ఫ్రయర్ లారెన్సే ఆ రోజే వాళ్లకి గుట్టుగా పెళ్లి చేసేశాడు. ప్యారిస్ అనే అతను జూలియట్‌ని అడిగితే రెండేళ్లు ఆగుదాం అన్న తండ్రి కాపులెట్ తర్వాత గురువారమే అతనితో పెళ్లన్నాడు, మళ్లీ బుధవారానికి జరిపాడు, దాంతో ఆ పిల్ల, పెళ్లి తప్పించుకోడానికి ఫ్రయర్ లారెన్స్ ఇచ్చిన, చచ్చినట్టు నిద్రపుచ్చే మందు ఒక రోజు ముందే తాగాల్సి వచ్చింది.

ఇక సమాధి సీన్. మందు ప్రభావం 42 గంటలే. జూలియట్ చచ్చిపోయిందని విని రోమియో సొంతూరు వెరోనాకి తిరిగొచ్చాడు, ఫ్రయర్ లారెన్స్ ఉన్నది అదే ఊళ్లో, ముందు అక్కడికెళ్లి ఒక్క మాట అడగొచ్చు, అడగలేదు, నేరుగా సమాధికే పోయాడు. అక్కడ జూలియట్ పెదాలూ బుగ్గలూ ఇంకా ఎర్రగానే ఉన్నాయని తన నోటితోనే అంటాడండీ! అని కూడా విషం తాగేస్తాడు, కాసేపటికి ఫ్రయర్ వస్తాడు, ఆ అమ్మాయి లేస్తుంది. ఎన్నిసార్లు చదివినా అక్కడ నా గొంతు పట్టేస్తుంది.

వ్యాసంలో బల్తజార్ పేరే లేదు. మాంటువాకి చావు కబురు తెచ్చిన నౌకరు అతను, రోమియో మొహం పాలిపోయి ఉండటం చూసి భయపడి, కాస్త ఓపిక పట్టండి అని బతిమాలింది అతనొక్కడే. ఈసారి దీని మీద ఏదైనా వేస్తే అతని మాట కూడా వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్